తొట్టెల నాటికి కళ్లు చూపించారా?

బిడ్డ పుట్టిన ఇంట్లో పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కలు కట్టడం మొదలుపెడతారు. పురుడు ఎప్పుడు, ఇరవయ్యొకటో రోజు ఏ వారం వస్తుంది, తొట్టెలకు మేనమామ ఏం తేవాలి, అత్తగారి ఊరి నుంచి ఎంతమంది వస్తారు, పేరు ఏ అక్షరంతో పెట్టాలి... ఇలా తేదీ వెంట తేదీ. నెలలు నిండకముందే బిడ్డ పుట్టిన ఇంట్లో ఈ లెక్కల పక్కన ఇంకో తేదీ కూడా రాసుకోవాలి. అది ముప్ఫయ్యో రోజు. ఆలోపు కంటి డాక్టరు ఆ బిడ్డ కంటి లోపలి పొరను ఒక్కసారైనా పరీక్షించి తీరాలి.

ఎందుకంటే, నెలలు నిండని పిల్లల్లో కొందరికి పుట్టిన కొద్ది వారాల్లోనే కంటి లోపల ఓ జబ్బు మొదలవుతుంది. పైకి ఏమీ తెలియదు. కన్ను ఎర్రబడదు, పుసి కట్టదు, నీరు కారదు. బిడ్డ మామూలుగానే పాలు తాగుతుంది, నిద్రపోతుంది. లోపల మాత్రం చూపు పోతూ ఉంటుంది. దాని పేరు 'రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ'. డాక్టర్లు పొట్టిగా 'ఆర్‌ఓపీ' అంటారు. సకాలంలో కనిపెడితే చాలామందికి చూపు నిలుస్తుంది. గడువు దాటితే ఎంత పెద్ద ఆస్పత్రికి వెళ్లినా పోయిన చూపును తెచ్చివ్వడం కష్టం.

కనిపెట్టడం డాక్టరు పని. అయితే బిడ్డను ఆ డాక్టరు ముందుకు సమయానికి తీసుకెళ్లడం అమ్మానాన్నల పని. ఈ వారం ఆ రెండో పని గురించే చెప్పుకుందాం.

బతికింది, చాలనుకుంటే...

'ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు' అని మన పెద్దలు అంటుంటారు. వైద్యం దీన్ని ఒప్పుకోదు. కడుపులో ఎన్నాళ్లు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత మంచిది. కాకపోతే ఒకప్పుడు ఏడో నెల బిడ్డైనా ఎనిమిదో నెల బిడ్డైనా బతకడం దైవాధీనంగానే ఉండేది. ఇప్పుడు జిల్లా ఆస్పత్రుల్లో కూడా నవజాత శిశు విభాగాలు వచ్చాయి. వెచ్చదనం ఇచ్చే వార్మర్లు, ఇంక్యుబేటర్లు, ఆక్సిజన్, ఊపిరితిత్తులకు మందులు... వీటన్నిటితో కిలో, కిలోంపావు బరువున్న పసికందులు కూడా బతికి బయటపడుతున్నారు.

వీళ్లు కొద్దిమందే అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2023లో వెలువరించిన లెక్కల ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

చిత్రమేమిటంటే, ఆర్‌ఓపీ అనేది వైద్యం పెరిగిన కొద్దీ పెరిగే జబ్బు. బిడ్డ బతకనిచోట ఈ జబ్బుకు తావే లేదు. బిడ్డను బతికించే ఏర్పాట్లు వచ్చి, కళ్లు చూసే ఏర్పాట్లు ఇంకా పూర్తిగా రాని చోటే ఇది ఎక్కువగా చూపును బలిగొంటుంది. మన జిల్లాలు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి.

కేసముద్రం నుంచి చూస్తే

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మహబూబాబాద్‌కు ముందు వచ్చే స్టేషన్ కేసముద్రం. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లా, ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లా. వ్యవసాయ మార్కెట్ ఉన్న ఊరు. చుట్టూ పల్లెలు, లంబాడా తండాలు. కాన్పు కష్టమైతే ఇక్కడి వాళ్లు మహబూబాబాద్‌కో వరంగల్‌కో పరుగెత్తాలి. ఇంకా కష్టమైతే హైదరాబాద్.

ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. కేసముద్రం దగ్గరి పల్లె అమ్మాయి. అత్తగారి ఊరు మరో మండలం. కాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఏడో నెల దాటగానే బీపీ పెరిగింది, నొప్పులొచ్చాయి. ఓ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బిడ్డ బరువు కిలోన్నర కూడా లేదు. వెంటనే వరంగల్‌కు తరలించారు. తల్లి కుట్లతో ఒక ఊళ్లో, బిడ్డ అద్దాల పెట్టెలో మరో ఊళ్లో. ఆస్పత్రి దగ్గర కాపలా నాన్నదో, మేనమామదో. పద్దెనిమిది రోజుల తర్వాత బిడ్డ పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, తీసుకెళ్లండన్నారు. డిశ్చార్జి కాగితాలు అందుకున్నది మేనమామ. బిల్లు, మందులు, బండి ఏర్పాటు హడావుడిలో నర్సు చెప్పిన నాలుగు మాటల్లో రెండు విన్నాడు. కాగితంలో ఇంగ్లిషులో ఓ మూల 'ఆర్‌ఓపీ స్క్రీనింగ్' అని రాసి ఉంది. అది చదివేవాళ్లు ఇంట్లో లేరు. కాగితం బీరువాలోకి పోయింది. ఆస్పత్రి వాళ్లు రాసుకున్న ఫోన్ నంబరు బిడ్డ నాన్నది. ఆయనేమో పనిమీద వేరే ఊళ్లో. బిడ్డ అమ్మమ్మ ఇంట్లో.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆస్పత్రి బిడ్డను బతికించింది. మేనమామ నిద్రాహారాలు మాని కాపలా కాశాడు. అమ్మమ్మ కంటికి రెప్పలా చూసుకుంటోంది. అయినా ముప్ఫయ్యో రోజు ఎవరికీ గుర్తులేదు. చూపు పోయేది చాలావరకు ఇలాంటి సందుల్లోనే.

కంటి లోపల ఏం జరుగుతుంది?

కన్ను కెమెరా అయితే, వెనకాల ఉండే రెటీనా అందులో బొమ్మ పడే ఫిల్ము లాంటిది. ఈ పొరకు నెత్తురు అందించే సన్నటి రక్తనాళాలు తల్లి కడుపులో పదహారో వారం దగ్గర మొదలై, కంటి నరం దగ్గర్నుంచి అంచుల వైపు నెమ్మదిగా పాకుతాయి. ముక్కు వైపు అంచుకు సుమారు 36 వారాలకు, చెవి వైపు అంచుకు నెలలు నిండేనాటికి చేరతాయి. కాలువ నీళ్లు ఒక్కో మడీ తడుపుకుంటూ చివరి మడి దాకా వెళ్లినట్టు.

బిడ్డ 28 వారాలకో 30 వారాలకో పుడితే ఈ పని మధ్యలో ఆగిపోతుంది. కడుపులో ఉన్నప్పటి కంటే బయట ఆక్సిజన్ ఎక్కువ. పైగా ఊపిరి కోసం అదనంగా ఆక్సిజన్ పెడితే, నాళాలు పెరగడానికి కావాల్సిన సంకేతం తగ్గిపోతుంది. కొన్ని వారాలు గడిచాక నెత్తురు అందని అంచు భాగం ఆకలితో కేకలు పెడుతుంది. అప్పుడు నాళాలు మళ్లీ మొలుస్తాయి. కానీ పద్ధతిగా కాదు, కలుపు మొక్కల్లా అడ్డదిడ్డంగా. బలహీనమైన ఈ నాళాలు చిట్లుతాయి, మచ్చ కడతాయి. ఆ మచ్చ ముడుచుకుంటూ రెటీనాను వెనక గోడ నుంచి ఊడలాగేస్తుంది.

ఈ జబ్బును ఐదు దశలుగా చూస్తారు. మొదటి రెండు దశల్లో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. మూడో దశలో నాళాలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపిస్తే వెంటనే చికిత్స చేయాలి. కంటి మధ్య భాగానికి దగ్గరగా జబ్బు ఉంటే ఇంకా ముందే చేయాల్సి రావచ్చు. నాలుగో దశలో రెటీనా కొంత ఊడుతుంది. ఐదో దశలో పూర్తిగా ఊడిపోతుంది. కంటిపాప తెల్లగా కనిపించడం అప్పుడే. అంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టే సమయానికి దాదాపు అంతా అయిపోయి ఉంటుంది.

ఆక్సిజన్ చేసిన మేలు, కీడు

ఈ జబ్బును తొలిసారి వివరంగా రాసింది అమెరికాలోని బోస్టన్ కంటి డాక్టరు థియొడర్ టెరీ, 1942లో. ఆ తర్వాత పదేళ్లకు పైగా బాగా డబ్బున్న దేశాల్లోని మంచి ఆస్పత్రుల్లోనే పిల్లలు వరసగా చూపు కోల్పోయారు. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. 1951లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన పిల్లల డాక్టరు కేట్ క్యాంప్‌బెల్ వేలు ఆక్సిజన్ వైపు చూపించారు. పసికందులకు మేలని కొత్త ఇంక్యుబేటర్లలో ధారాళంగా వదిలిన ఆక్సిజనే కళ్లను దెబ్బతీస్తోందని ఆవిడ అనుమానం. 1953లో అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి మొదలుపెట్టిన పరిశోధన అది నిజమేనని తేల్చింది. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 వేల మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. 1950లో ఆరు వారాలు ముందుగా పుట్టి, ఈ జబ్బుతోనే చూపు పోగొట్టుకున్న అమెరికా బాలుడొకడు తర్వాత ప్రపంచ ప్రఖ్యాత గాయకుడయ్యాడు. ఆయనే స్టీవీ వండర్.

కథ అక్కడితో అయిపోలేదు. ఆక్సిజన్ చెడ్డదని తెలియగానే డాక్టర్లు దాన్ని బాగా తగ్గించేశారు. గుడ్డితనం తగ్గింది. కానీ ఊపిరందక చనిపోయే పిల్లలు పెరిగారు. అందుకే ఇప్పుడు ఆక్సిజన్‌ను మందులాగే కొలిచి ఇస్తారు. బిడ్డ కాలికో చేతికో చిన్న పట్టీలా కట్టే పల్స్ ఆక్సీమీటర్‌తో ఎప్పటికప్పుడు చూస్తూ, సాధారణంగా 90 నుంచి 95 శాతం మధ్య ఉండేలా నడుపుతారు.

ఇది చదివి మీ బిడ్డకు పెట్టిన ఆక్సిజన్ తీసేయమని డాక్టరుతో గొడవ పడొద్దు. బిడ్డ ఊపిరికి అది అవసరం. మీరు అడగాల్సింది ఒక్కటే: 'ఎంత ఇస్తున్నారో మీటరు పెట్టి చూస్తున్నారా?' అలా అడగడం మీ హక్కు.

ఎవరికి, ఎప్పుడు?

అమెరికా, బ్రిటన్‌లలో దాదాపు కిలోన్నర లోపు బరువు, 30 వారాల లోపు పుట్టుక ఉన్న పిల్లల మీదే ఎక్కువగా దృష్టి పెడతారు. మన దగ్గర ఆ లెక్క సరిపోదు. ఇక్కడ అంతకంటే బరువున్న పిల్లల్లో కూడా ఈ జబ్బు ముదరడం డాక్టర్లు చూశారు. ఆక్సిజన్ సరిగా కొలవకపోవడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్లు, బరువు పెరగకపోవడం ఇందుకు కారణాలు. అందుకే మన దేశ మార్గదర్శకాలు గీతను కాస్త పైకి జరిపాయి.

పుట్టినప్పుడు బరువు 2 కిలోల కంటే తక్కువున్న పిల్లలు, లేదా 34 వారాలు నిండకుండా పుట్టిన పిల్లలు అందరికీ పరీక్ష చేయించాలి. 34 వారాలంటే మన లెక్కలో సుమారు ఎనిమిదో నెల. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినా... చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్నా, రక్తం ఎక్కించినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పరీక్ష తప్పదు. కవలల్లో ఒకరు బొద్దుగా ఉన్నారని ఒక్కరినే తీసుకెళ్లకూడదు. ఇద్దరినీ చూపించాలి.

మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల లోపు జరగాలి. 28 వారాల లోపు పుట్టినా, బరువు 1,200 గ్రాముల కంటే తక్కువున్నా ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. అంటే వీళ్లకు తొట్టెల కంటే ముందే! రోజులు లెక్కపెట్టాల్సింది పుట్టిన తేదీ నుంచి. ఇంటికొచ్చిన తేదీ నుంచి కాదు. ఇరవై అయిదు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చిన బిడ్డకు మిగిలింది అయిదు రోజులే. బిడ్డ ఇంకా ఆస్పత్రిలోనే ఉంటే కంటి డాక్టరునే అక్కడికి పిలిపించి చూపించాలి.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1990ల చివరి నుంచి జంటనగరాల నవజాత శిశు విభాగాలకు వెళ్లి పసిపిల్లల కళ్లు పరీక్షించే పని మొదలుపెట్టింది. ముప్ఫయి రోజుల సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది కూడా ఈ బృందమే. కర్ణాటకలో నారాయణ నేత్రాలయ 2008లో మరో దారి తొక్కింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు ప్రత్యేక కెమెరా పట్టుకుని జిల్లా ఆస్పత్రులకు వెళ్తారు. పిల్లల రెటీనా ఫొటోలు తీసి పంపితే బెంగళూరులోని డాక్టర్లు చూసి చెబుతారు. బిడ్డ నగరానికి రాలేకపోతే కెమెరానే బిడ్డ దగ్గరికి పోతుందన్నమాట. మన మారుమూల జిల్లాలన్నిటికీ కావాల్సింది ఇలాంటి ఏర్పాటే.

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించాల్సిన 30 ఆరోగ్య సమస్యల్లో ఆర్‌ఓపీ కూడా ఒకటి. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, జిల్లా ఆస్పత్రిలోనో 'బాల స్వాస్థ్య కింద మా బిడ్డ కళ్ల పరీక్షకు ఎక్కడికి పంపుతారు?' అని నిలబడి అడగొచ్చు.

పరీక్ష అంటే భయమెందుకు?

కంట్లో చుక్కలు వేస్తారు. కంటిపాప పెద్దది కావడానికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. తర్వాత బిడ్డను గుడ్డలో చుట్టి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టి, తలకు లైటు తగిలించుకున్న డాక్టరు లోపలికి చూస్తారు. కొన్ని నిమిషాల పని. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. చూసే తల్లికి గుండె తరుక్కుపోతుంది. కళ్లు కాసేపు ఎర్రగా, ఉబ్బినట్టు ఉంటాయి. అంతే. పరీక్షకు ముందు ఎంతసేపు పాలివ్వకూడదో డాక్టరునే అడగండి. కడుపు నిండా పాలతో ఉంటే కక్కే ప్రమాదం ఉంది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మొదటి పరీక్షలో 'ఇప్పటికి ఫర్వాలేదు, రెండు వారాల తర్వాత రండి' అంటారు. ఇంట్లో వినిపించేది 'ఫర్వాలేదు' అన్న మాట ఒక్కటే. రెండోసారి వెళ్లరు. రక్తనాళాలు అంచు దాకా చేరాయి, ఇక రానవసరం లేదని డాక్టరు స్వయంగా చెప్పేదాకా పరీక్షలు ఆపకూడదు. అది నాలుగుసార్లు కావచ్చు, ఆరుసార్లు కావచ్చు.

చికిత్స అవసరమైతే రెండు మూడు రోజుల్లోనే చేయించాలి. మంచి రోజు చూసుకుని వస్తామంటే కుదరదు. ఎక్కువగా చేసేది లేజర్. నెత్తురు అందని అంచు భాగాన్ని లేజర్‌తో కాల్చేస్తే పిచ్చి నాళాలు పెరగడం ఆగుతుంది. అంచు చూపు కొంత పోయినా మధ్య చూపు దక్కుతుంది. అమెరికాలో 2003లో వెలువడిన పెద్ద పరిశోధనలో, ప్రమాదం ఎక్కువున్న కళ్లకు కాస్త ముందుగానే చికిత్స చేస్తే తొమ్మిది నెలల నాటికి రెటీనా దెబ్బతిన్నవి వందకు 9 మాత్రమే. కొందరికి కంట్లోకి ఇంజక్షన్ ఇస్తారు. 2011 తర్వాత ఇది బాగా వాడుకలోకి వచ్చింది. అయితే ఇంజక్షన్ తర్వాత జబ్బు ఆలస్యంగా తిరగబెట్టవచ్చు. అందుకే వీళ్లు ఇంకా ఎక్కువ కాలం డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉండాలి.

ఒక తీర్పు చెప్పిన పాఠం

1996 ఆగస్టులో చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఓ ఆడపిల్ల 29వ వారంలోనే పుట్టింది. బరువు 1,250 గ్రాములు. మూడు వారాలకు పైగా ఇంక్యుబేటర్‌లో ఉంచి ఇంటికి పంపారు. ఆ తర్వాత కూడా తల్లిదండ్రులు బిడ్డను డాక్టర్లకు చూపిస్తూనే ఉన్నారు. కానీ కళ్లు పరీక్షించాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. విషయం బయటపడేసరికి ఐదో దశ. అమెరికా దాకా తీసుకెళ్లినా చూపు రాలేదు.

ఆ తండ్రి కోర్టుకెక్కారు. జాతీయ వినియోగదారుల కమిషన్ 5 లక్షల రూపాయలు ఇమ్మంది. ఆయన ఆగలేదు. చివరికి 2015 జులై 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి బిడ్డకు పరీక్ష చేయకపోవడం, తల్లిదండ్రులను హెచ్చరించకపోవడం వైద్యంలో నిర్లక్ష్యమేనంది. అప్పటిదాకా అయిన ఖర్చులు, ఇకముందు అయ్యే ఖర్చులు కలిపి సుమారు కోటీ 80 లక్షల రూపాయల పరిహారం ఇమ్మని ఆదేశించింది.

తీర్పు వచ్చేనాటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు దాటాయి. పద్దెనిమిదేళ్ల పోరాటం తర్వాత వచ్చిన డబ్బు బతుక్కి ఆసరా అవుతుంది, చూపును మాత్రం తేలేదు. ఈ తీర్పుతో ఆస్పత్రుల బాధ్యత ఏమిటో తేలిపోయింది. అయినా ఆస్పత్రి చెబుతుందిలే అని ఊరుకోకుండా మనమే అడిగితే పోయేదేముంది?

ఇంట్లో వినిపించే మాటలు

బిడ్డను తీసుకెళ్దామంటే ముందు ఇంట్లోనే అడ్డంకులు లేస్తాయి.

'తొట్టెల్ల గూడ ఎయ్యలే. పసిగుడ్డును రైలెక్కిస్తరా? గాలి సోకదా?' అంటుంది నాయనమ్మ. ఆవిడ భయం అబద్ధం కాదు. నెలలు నిండని బిడ్డకు చలి, ఇన్‌ఫెక్షన్ నిజంగానే ప్రమాదం. దానికి దారి ఉంది. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని ప్రయాణం చేయవచ్చు. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. 1978లో దక్షిణ అమెరికా దేశమైన కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలని ఆస్పత్రిలో మొదలైంది. నాన్న కూడా అలా కట్టుకోవచ్చు. నాయనమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరు చెప్పేది ఆవిడ స్వయంగా వింటే రెండోసారి బయల్దేరమని తొందరపెట్టేది ఆవిడే.

'పిల్లలకు మూడు నెలలైతేగాని చూపు నిలువది. జర ఆగుర్రి' అనేది ఇంకో మాట. పసిపిల్లల చూపు కుదురుకోవడానికి వారాలు పట్టే మాట నిజమే. కానీ ఆ మూడు నెలల్లోనే ఈ జబ్బు పని పూర్తి చేసుకుని పోతుంది.

'నువ్వు గ్రహణంల బయటికొచ్చినవ్, గందుకే గిట్లైంది' అని తల్లిని అనేవాళ్లూ ఉంటారు. బీపీ, ఇన్‌ఫెక్షన్లు, రక్తహీనత, కవలలు... నెలలు నిండకుండా కాన్పు కావడానికి ఇలాంటి కారణాలు ఎన్నో. చాలాసార్లు కారణమే తెలియదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆ తల్లికి ఇప్పుడు కావాల్సింది నిష్ఠూరం కాదు, ఆస్పత్రికి తోడు వచ్చే మనిషి. ఆమె పాలే బిడ్డకు అన్నిటికంటే మంచి మందు. తల్లిపాలు తాగే పిల్లల్లో ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి, ఈ జబ్బు ముదిరే అవకాశం కూడా తక్కువ.

ఖర్చు, దూరం సంగతి కాదనలేం. కూలికి పోతేనే పూటగడిచే ఇంట్లో రెండు వారాలకోసారి వరంగల్, హైదరాబాద్ ప్రయాణమంటే మాటలు కాదు. 2024 సెప్టెంబరు 1న వరదకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోతే ఈ దారిన రైళ్లే ఆగిపోయాయి. కొద్ది రోజుల్లోనే మళ్లీ లైను వేశారు. రెటీనాను అలా మళ్లీ వేయడం ఎవరి తరమూ కాదు. తారీఖు నాటికి వెళ్లలేకపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి మర్నాటికో, ఎల్లుండికో మార్పించుకోండి. వదిలేయడం మాత్రం వద్దు.

డిశ్చార్జి నాడు అడగండి

* మా బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది? బరువెంత? ఈ రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి.
* ఆర్‌ఓపీ పరీక్ష అయిందా? కాకపోతే ఏ తారీఖులోపు, ఎక్కడ చేయించాలి? తారీఖును తెలుగులో రాసిమ్మనండి.
* చూసే డాక్టరు రెటీనా నిపుణులేనా? అద్దాలు రాసే ప్రతిచోటా ఈ పరీక్ష చేయరు.
* ఆస్పత్రిలో రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి. ఒకటి నాన్నది, ఇంకోటి బిడ్డ ఉండబోయే ఇంటిది.
* డిశ్చార్జి కాగితం ఫొటో తీసి తల్లి ఫోన్లోకి పంపండి. ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు చూపించండి.

గడువు దాటిపోయిందని ఇప్పుడు తెలిసినవాళ్లు కూడా కూర్చుండిపోవద్దు. బిడ్డకు రెండు నెలలైనా, నాలుగు నెలలైనా ఈ వారమే తీసుకెళ్లండి. నాలుగో దశలో ఆపరేషన్‌తో కొంత చూపు దక్కినవాళ్లున్నారు. కంటిపాప తెల్లగా మెరిసినా, ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను తెల్లగా పడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. జబ్బు తగ్గిన పిల్లలకు సైతం తర్వాత దగ్గరి చూపు, మెల్లకన్ను రావచ్చు. బడికి పోయే వయసు దాకా, ఆ తర్వాత కూడా ఏటా ఒకసారి కళ్లు చూపిస్తుండాలి.

మీ ఇంట్లో అలాంటి పసిబిడ్డ లేకపోవచ్చు. పక్కింట్లోనో, చుట్టాలింట్లోనో తప్పకుండా ఉంటారు. తొట్టెలకు పిలుపు వస్తే కొత్తబట్టలు తీసుకుని వెళ్లండి. బిడ్డ బరువెంతో అడగండి. రెండు కిలోల లోపంటే, ముందు కళ్లు చూపించారా అని అడగండి.